ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ పనిచేయడం లేదా? మరమ్మతు దుకాణానికి వెళ్లే ముందు చూడవలసినవి

వస్త్ర పరిశ్రమకు పేరుపొందిన గుజరాత్ నగరం సూరత్‌లో తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలను నిర్వహిస్తోంది. మరమగ్గాల చప్పుడు వినిపించే వాడల్లో ఆన్‌లైన్ పాఠం వినాలన్నా, ఉద్యోగ ముఖాముఖిలో మాట్లాడాలన్నా వైర్‌లెస్ ఇయర్‌ఫోన్ ఎంతో ఉపకరిస్తుంది. అది ల్యాప్‌టాప్‌తో కలవకపోతే యంత్రం చెడిపోయిందని చాలామంది భావిస్తారు. అయితే అనేక సందర్భాల్లో లోపం యంత్రంలో కాక, ఆపివేసి ఉన్న ఒక మీటలో ఉంటుంది.

బ్లూటూత్ కూడా ఒక రేడియోయే. ఎఫ్ఎం ప్రసారాలు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య సాగితే, బ్లూటూత్ సుమారు 2,400 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేస్తుంది. సంప్రదాయ బ్లూటూత్ 79 చానళ్ల మధ్య సెకనుకు 1,600 సార్లు మారుతూ ఇతర పరికరాల అంతరాయాన్ని తప్పించుకుంటుంది. ఈ పౌనఃపున్య శ్రేణిలో తక్కువ శక్తి గల పరికరాలను వాడేందుకు భారతదేశంలో 2005 నియమాల ప్రకారం లైసెన్సు అవసరం లేదు.

విండోస్ 10, 11 ల్యాప్‌టాప్‌లలో విండోస్ మీటతో పాటు ‘ఎ’ అక్షరాన్ని నొక్కితే త్వరిత అమరికల పలక తెరుచుకుంటుంది. అందులో మొదట ‘ఎయిర్‌ప్లేన్ మోడ్’ ఆపి ఉందో లేదో చూడాలి. విమాన ప్రయాణం కోసం ఉద్దేశించిన ఈ ఏర్పాటు వైఫై, బ్లూటూత్ రెండింటినీ నిలిపివేయగలదు. ఆ తరువాత బ్లూటూత్ గుర్తును నొక్కాలి. మ్యాక్‌బుక్‌లో ఇదే పనిని తెర పైభాగాన ఉండే కంట్రోల్ సెంటర్ నుంచి చేయవచ్చు. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లకు అంచున చిన్న స్విచ్ గానీ, పై వరుస మీటల్లో వైర్‌లెస్ గుర్తు గానీ ఉంటుంది.

బ్లూటూత్ గుర్తే కనిపించకపోతే ముందుగా ల్యాప్‌టాప్‌ను ‘రీస్టార్ట్’ చేయాలి. ‘షట్‌డౌన్’ చేసినప్పుడు విండోస్ కొంత సమాచారాన్ని దాచుకుని, మళ్లీ వేగంగా తెరుచుకోవచ్చు. అందువల్ల పాత లోపం అలాగే మిగిలే అవకాశం ఉంది. అప్పటికీ ఫలితం లేకపోతే స్టార్ట్ గుర్తుపై కుడి క్లిక్ చేసి ‘డివైస్ మేనేజర్’ తెరవాలి. బ్లూటూత్ పేరు వద్ద కింది వైపు బాణం ఉంటే దానిని ఆపివేసినట్లు అర్థం. అక్కడే ‘ఎనేబుల్’ చేయవచ్చు. పసుపు త్రిభుజం కనిపిస్తే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్‌ను తిరిగి అమర్చాలి. దానిని తయారీ సంస్థ అధికారిక వెబ్‌సైట్ నుంచి, ల్యాప్‌టాప్ మోడల్ సంఖ్య ఆధారంగా మాత్రమే తీసుకోవాలి.

చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై, బ్లూటూత్ ఒకే కార్డుపై ఉంటాయి. వైఫై పనిచేస్తూ బ్లూటూత్ మాత్రమే ఆగితే సాఫ్ట్‌వేర్ లోపాన్ని ముందుగా అనుమానించాలి. రెండూ ఒకేసారి మాయమైతే కార్డును నిపుణుడికి చూపించడం సమంజసం. కార్డు పాడైనా యూఎస్‌బీ బ్లూటూత్ అడాప్టర్‌తో పని నడుస్తుంది.

బ్లూటూత్ తెరిచాక ఇయర్‌ఫోన్‌ను జత కలిసే స్థితిలో ఉంచాలి. అది అప్పటికే ఫోన్‌తో కలిసి ఉంటే ల్యాప్‌టాప్‌కు కనిపించకపోవచ్చు. కొన్ని పరికరాలను జత చేసేటప్పుడు రెండు తెరలపైనా ఒక సంఖ్య కనిపిస్తుంది. రెండూ ఒకటే అయితేనే అంగీకరించాలి. తెలియని పరికరం నుంచి వచ్చే అభ్యర్థనను తిరస్కరించాలి.

అసలు ప్రమాదం మరొకటి ఉంది. ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన ‘కస్టమర్ కేర్’ నంబర్లన్నీ నిజమైనవి కావు. అవతలి వ్యక్తి ల్యాప్‌టాప్‌ను దూరం నుంచి నడిపే యాప్ పెట్టుకోమన్నా, ఓటీపీ అడిగినా వెంటనే ఫోన్ పెట్టేయాలి. బ్లూటూత్ తెరవడానికి బ్యాంకు వివరాలతో ఏ అవసరమూ లేదు. ఇప్పటికే డబ్బు పోయినట్లయితే జాతీయ సైబర్ నేరాల సహాయ నంబర్ 1930కు ఆలస్యం లేకుండా ఫోన్ చేయాలి. ఫిర్యాదు ఎంత త్వరగా అందితే, ఆ సొమ్ము మరో ఖాతాకు తరలిపోకుండా నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.