రాగిరేకులు – సంకీర్తనల సంఖ్యలు

నిజామాబాద్ జిల్లా వర్ని ప్రాంతంలో నిజాంసాగర్ కాలువ కింద వరి పండే భూములున్నాయి. ఇటువంటి చోట రైతు తన పొలాన్ని 'మర్రికింది మడి' అని పిలుచుకుంటే ఊరివారికి వెంటనే అర్థమవుతుంది. కాని అదే పేరు పొరుగూరిలోనూ ఉండవచ్చు. మర్రిచెట్టు కూలిపోతే పేరుకు గుర్తే మిగలదు. అందుకే భూమి పత్రాలలో ప్రతి పొలానికి ఒక సర్వే సంఖ్య, దాని భాగానికి ఒక ఉపసంఖ్య ఉంటాయి. పేరు పిలుచుకోవడానికి, సంఖ్య నిరూపించుకోవడానికి. వేలకొలది పాటలు రచించిన వాగ్గేయకారుని విషయంలోనూ ఇటువంటి అవసరమే కలుగుతుంది.

సాహిత్యాన్ని, సంగీతాన్ని తానే కూర్చేవాడు వాగ్గేయకారుడు. తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) 32,000 సంకీర్తనలు రచించాడని సంప్రదాయం చెబుతున్నది. నేడు మనకు లభిస్తున్నవి 12,000 పైచిలుకు మాత్రమే. ఇవైనా దక్కడానికి కారణం ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుని దూరదృష్టి. ఆయన సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరచాడు. శక సంవత్సరం 1346, క్రోధిలో పదహారేండ్ల వయసున అన్నమయ్య సంకీర్తన రచనకు పూనుకొన్నట్లు, శక సంవత్సరం 1424, దుందుభి ఫాల్గుణంలో పరమపదించినట్లు మొదటి రేకు తెలుపుతున్నది. శక సంవత్సరానికి 78 కలిపితే మొదటిది క్రీ.శ. 1424 అవుతుంది. రెండవది ఫాల్గుణ మాసం కనుక క్రీ.శ. 1503లో పడుతుంది.

భాండారంలోని రేకులు 1922 ప్రాంతంలో పండితుల దృష్టికి వచ్చాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, గౌరిపెద్ది రామసుబ్బశర్మ వంటి విద్వాంసుల కృషితో తిరుమల తిరుపతి దేవస్థానం వాటిని సంపుటాలుగా ప్రచురించింది. రెండు వేలకు పైబడిన రేకులలోని పాటలను ఆధ్యాత్మ సంకీర్తనలు, శృంగార సంకీర్తనలు అని రెండుగా విభజించారు.

ఈ సంపుటాలలో ఒక సంకీర్తనను గుర్తించే పద్ధతి సులభమైనది. ఉదాహరణకు 'రేకు 45-2' అంటే నలభై అయిదవ రాగిరేకులోని రెండవ సంకీర్తన అని అర్థం. ఒక్కొక్క రేకుపై సాధారణంగా ఆరు సంకీర్తనలు ఉంటాయి. దీనికి తోడు సంపుటం సంఖ్యను, అందులోని వరుస సంఖ్యను కూడా ఇస్తారు. మొదటి సంఖ్య మూల ప్రతికి దారి చూపుతుంది. రెండవది చదువరి చేతిలోని పుస్తకానికి దారి చూపుతుంది.

ఈ సంఖ్య వల్ల మూడు ప్రయోజనాలున్నాయి. మొదటిది కర్తృత్వ నిర్ణయం. అన్నమయ్య, కుమారుడు పెదతిరుమలాచార్యుడు, మనుమడు చినతిరుమలాచార్యుడు ముగ్గురూ వేంకటేశ్వరుని పేరునే ముద్రగా వాడారు. కాబట్టి ముద్ర ఒక్కటే చూసి ఒక పాట తాతదో మనుమనిదో తేల్చలేము. ఆ పాట ఎవరి రేకులలో ఉన్నదో చూడాలి. రెండవది పాఠ నిర్ణయం. గాయకుల నోట మారిన పదాన్ని రేకులోని పదంతో సరిపోల్చి సరిదిద్దవచ్చు. మూడవది నష్టాన్ని గుర్తించడం. వరుసలో నలభై, నలభై రెండు ఉండి నలభై ఒకటి లేకపోతే, సుమారు ఆరు సంకీర్తనలు మనకు అందకుండా పోయాయని తెలుస్తుంది. సంఖ్యలే లేకపోతే ఏమి పోయిందో కూడా మనకు తెలియదు.

పాశ్చాత్య సంగీతంలో ఈ పని వేరొక విధంగా జరిగింది. ఆస్ట్రియా దేశీయుడైన లుడ్విగ్ ఫాన్ కోషెల్ 1862లో మొజార్ట్ రచనలను కాలక్రమంలో అమర్చి 1 నుంచి 626 వరకు సంఖ్యలిచ్చాడు. 1791లో మొజార్ట్ మరణించేనాటికి అసంపూర్ణంగా మిగిలిన 'రెక్వియం' 626వది. అయితే తరువాతి పరిశోధనలో కొన్ని రచనల కాలం మారడంతో వాటి సంఖ్యలను సవరించవలసి వచ్చింది. 1950లో బాఖ్ రచనల పట్టికను కూర్చిన వోల్ఫ్‌గాంగ్ ష్మీడర్ కాలాన్ని కాక ప్రక్రియను ఆధారంగా తీసుకున్నాడు.

మన త్యాగరాజస్వామి (1767–1847) కృతులకు అటువంటి సర్వసమ్మతమైన సంఖ్య లేదు. పల్లవిలోని తొలి పదాలు, రాగం, తాళం చెప్పి కృతిని గుర్తిస్తాము. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లస్థానం శిష్యపరంపరలు ఆ కృతులను కాపాడాయి. కనుక ఒక పాఠానికి ప్రమాణం ఏ పరంపర అన్నది అక్కడ ముఖ్యమైన ప్రశ్న.

ఏ సంఖ్య అయినా అన్నీ చెప్పదు. ఒక సంకీర్తన ఏనాడు పుట్టిందో రేకు సంఖ్య సాధారణంగా తెలుపదు. పాటపైన రాగం పేరు ఉంటుంది గాని స్వరలిపి ఉండదు. అందువల్ల నేడు మనం వినే బాణీలలో పెక్కు ఇరవయ్యవ శతాబ్దిలోను, ఆ తరువాతను కూర్చినవే. ఒకే సంఖ్య గల పాటను ఇద్దరు గాయకులు రెండు రాగాలలో పాడడం కూడా కద్దు.

కాబట్టి విద్యార్థులు అన్నమయ్య పేరుతో ఒక పాట విన్నప్పుడు దాని రేకు సంఖ్య ఏదని విచారించడం మంచిది. దొరికితే అయిదు వందల ఏండ్లనాటి సాక్ష్యం చేతికి అందినట్లే. దొరకకపోతే ఆ పాటను నిరాకరించనవసరం లేదు గాని, ఆధారం దొరికేవరకు అది అన్నమయ్యదేనని నిశ్చయించకూడదు. మధురమైన పాటను ప్రేమించడానికి చెవి చాలు. దానిని ముందు తరానికి సరిగా అప్పగించడానికి పట్టిక కావాలి.