తేలిక బరువు యోధులు: అభిమాని ఏం చూస్తాడు?

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలను మొదటిసారి చూసేవారి కళ్లు సహజంగా భారీకాయుల మీదికే పోతాయి. 120 కిలోల మనిషి ఒక్క గుద్దుతో ఎదుటివాణ్ణి పడగొడితే అందులో అర్థం కాకపోవడానికి ఏమీ ఉండదు. కొన్నేళ్లుగా ఈ క్రీడను చూస్తున్నవారిని అడగండి. వారిలో చాలామంది 57 కిలోలు కూడా లేని ఫ్లైవెయిట్ యోధుల పేర్లు చెబుతారు. ఈ అభిమానానికి కారణమేమిటో అమెరికా యోధుడు డెమెట్రియస్ జాన్సన్ ఉదాహరణగా పరిశీలిద్దాం.

యు.ఎఫ్.సి. సంస్థ పోటీల్లో ఫ్లైవెయిట్ పరిమితి 125 పౌండ్లు, అంటే సుమారు 56.7 కిలోలు. హెవీవెయిట్ పరిమితి 265 పౌండ్లు. టైటిల్ పోటీలో ఐదేసి నిమిషాల రౌండ్లు ఐదు ఉంటాయి. శరీర బరువు తగ్గేకొద్దీ ఒక్క దెబ్బతో పోటీ ముగిసే అవకాశమూ తగ్గుతుంది. కాబట్టి తేలిక యోధుడు ఒక గుద్దును నమ్ముకుని నిలబడలేడు. గుద్దు నుంచి తన్నుకు, తన్ను నుంచి కుస్తీపట్టుకు ఆగకుండా మారుతూ ఉండాలి. అదీ 25 నిమిషాలపాటు. అభిమానులు ఇష్టపడేది ఈ మార్పులనే. అవి కంటికి అందాలంటే కొంత అలవాటు కావాలి.

జాన్సన్ ఎత్తు సుమారు 160 సెంటీమీటర్లు. 2011లో 135 పౌండ్ల విభాగంలో డొమినిక్ క్రూజ్‌తో టైటిల్ పోటీకి దిగే నాటికి ఆయన పూర్తికాలపు ఉద్యోగం కూడా చేస్తున్నాడు. ఆ పోటీలో ఓడిపోయాడు. మరుసటి ఏడాది యు.ఎఫ్.సి. ఫ్లైవెయిట్ విభాగాన్ని ప్రారంభించింది. 2012 సెప్టెంబరులో టొరంటోలో జోసెఫ్ బెనవిడెజ్‌ను ఓడించి ఆ విభాగానికి తొలి ఛాంపియన్ అయ్యాడు. ఆ తరువాత టైటిల్‌ను వరుసగా 11 సార్లు నిలబెట్టుకున్నాడు. అంతకుముందు ఆండర్సన్ సిల్వా పేరిట ఉన్న రికార్డు 10.

అంకెల కన్నా రెండు ఘట్టాలు అభిమానులకు బాగా గుర్తు. 2015లో మాంట్రియల్‌లో క్యోజి హొరిగుచితో పోటీ. ఐదో రౌండు ముగియడానికి ఒక్క సెకను ఉందనగా జాన్సన్ అతని చేతిని ఆర్మ్‌బార్ పట్టులో బిగించి గెలిచాడు. పాయింట్ల మీద గెలుపు అప్పటికే ఖాయంలా కనిపిస్తున్నా ఆయన చివరి క్షణం దాకా పట్టు కోసం వెతుకుతూనే ఉన్నాడు. రెండోది 2017 అక్టోబరులో లాస్ వేగాస్‌లో రే బోర్గ్‌తో జరిగిన పోటీ. జాన్సన్ వెనక నుంచి అతని నడుము పట్టి పైకెత్తాడు. అందరూ కింద పడేస్తాడనే అనుకుంటారు. కానీ బోర్గ్ ఇంకా గాలిలో ఉండగానే నడుము వదిలి చేతిని అందుకున్నాడు. ఇద్దరూ నేలకు తగిలేసరికే ఆర్మ్‌బార్‌కు దారి ఏర్పడింది. ఆ దృశ్యాన్ని మామూలు వేగంతో చూస్తే ఏం జరిగిందో తెలియదు. నెమ్మదిగా తిప్పి చూడవలసిందే.

అయినా మార్కెట్ ఈ నైపుణ్యానికి తగిన వెల కట్టలేదు. టికెట్లూ ప్రసారాలూ ఎక్కువగా అమ్ముడుపోయేది పెద్ద బరువుల పేర్ల మీదా, మాటల యుద్ధం చేసేవారి మీదా. జాన్సన్ మితభాషి కాడు గానీ, కయ్యానికి కాలుదువ్వే రకమూ కాడు. 2018 ఆగస్టులో హెన్రీ సెహుడో చేతిలో స్వల్ప తేడాతో, అదీ న్యాయనిర్ణేతల మధ్య ఏకాభిప్రాయం లేని తీర్పుతో, టైటిల్ కోల్పోయాడు. కొద్ది నెలల్లోనే యు.ఎఫ్.సి. ఆయన్ను ఆసియాకు చెందిన వన్ ఛాంపియన్‌షిప్‌కు ఇచ్చి, బదులుగా బెన్ ఆస్క్రెన్‌ను తీసుకుంది. అదే కాలంలో పలువురు ఫ్లైవెయిట్ యోధులను వదులుకుంది. ఆ విభాగం మూతపడుతుందనే అభిమానులు భయపడ్డారు. అది మూతపడలేదు. జాన్సన్ కూడా ఆగలేదు: 2021లో తనను మోకాలి దెబ్బతో పడగొట్టిన అడ్రియానో మోరాయిస్‌ను 2022లో ఎగిరి కొట్టిన మోకాలి దెబ్బతోనే ఓడించాడు.