ఈ-వేలంలో ఆఖరి నిమిషం బిడ్.. గెలిపిస్తుందా? ముంచుతుందా?

బ్యాంకు వేలానికి పెట్టిన ఫ్లాట్ కోసం మీరు లాగిన్ అయ్యారు. వేలం ముగిసేది మధ్యాహ్నం 2 గంటలకు. 1.58 వరకు మీ బిడ్డే ఎక్కువ. ఇక మనదే అనుకునేలోపు ఎవరో ఒక మెట్టు పెంచారు. వెంటనే గడువు కూడా 5 నిమిషాలు పెరిగింది. 'ఇదేం అన్యాయం?' అనిపిస్తుంది కదా! నిజానికి ఆ 5 నిమిషాలు ఇచ్చింది మీకే.

చివరిదాకా ఎందుకు ఆగుతారు?

ముందే ధర చెబితే పోటీదారులు ఇంకాస్త పెంచుతారు. అందుకే కొందరు అవతలివారికి తేరుకునే సమయం ఇవ్వకుండా ఆఖరి క్షణంలో బిడ్ వేస్తారు. దీన్నే 'స్నైపింగ్' అంటారు. ఈబేలో గడువు ముగిస్తే వేలం ముగిసినట్లే. ఒకప్పటి అమెజాన్ వేలంలో మాత్రం చివరి 10 నిమిషాల్లో బిడ్ వస్తే గడువు పెరిగేది. ఈ రెండింటినీ పోలుస్తూ ఆర్థికవేత్తలు ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ఓ పరిశోధన పత్రం ప్రచురించారు. ఆఖరి క్షణం బిడ్లు ఈబేలోనే ఎక్కువని తేల్చారు. అంటే, నిబంధన మారితే జనం తీరూ మారుతుంది.

ఒకటోసారి.. రెండోసారి..

ఊళ్లో వేలం పాట గుర్తుందా? 'మూడోసారి' అనేలోపు ఎవరైనా పెంచితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. బ్యాంకుల ఈ-వేలాల్లో ఉండే 'ఆటో ఎక్స్‌టెన్షన్' కూడా అంతే. వేగంగా నొక్కినవారికి కాకుండా, ఎక్కువ ధర ఇచ్చేవారికే ఆస్తి దక్కుతుంది. దీనివల్ల అప్పు తీసుకున్న వ్యక్తికీ మేలే. బకాయి, ఖర్చులు పోగా మిగిలే సొమ్ము అతనికే చెందాలి.

అసలు ప్రమాదం ఇక్కడే

గడువు పెరిగేకొద్దీ పంతమూ పెరుగుతుంది. సర్ఫేసీ నిబంధనల ప్రకారం గెలిచినవారు ఈఎండీతో కలిపి 25 శాతం అదే రోజు లేదా మరుసటి పనిదినంలోగా కట్టాలి. మిగతాది విక్రయం ఖరారైన 15 రోజుల్లో చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 3 నెలల వరకు గడువు పొడిగించొచ్చు. అప్పటికీ కట్టకపోతే కట్టిన సొమ్ము జప్తవుతుంది. 25 శాతం మొత్తాన్ని ఇలా జప్తు చేయడాన్ని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది.

బిడ్ వేసే ముందు

* గడువు ఎన్ని నిమిషాలు, ఎన్నిసార్లు పెరుగుతుందో వేలం ప్రకటనలో చూడండి. అన్నిచోట్లా ఒకేలా ఉండదు.
* మీ గరిష్ఠ ధర ముందే కాగితంపై రాసుకోండి. స్టాంపు డ్యూటీ, ఆస్తిపన్ను బకాయిలు అందులో కలపండి.
* బ్యాంకు రుణం తీసుకునేట్లయితే 15 రోజుల్లో చేతికొస్తుందో లేదో ముందే కనుక్కోండి.
* కేవైసీ, ఈఎండీ పనులు ఆఖరి రోజుకు వాయిదా వేయొద్దు.
* లెక్కలోకి వచ్చేది మీ ఫోన్ గడియారం కాదు, సర్వర్ సమయం. నెట్ నెమ్మదిస్తే చివరి సెకను బిడ్ చేరకపోవచ్చు.
* 'సబ్మిట్' నొక్కేముందు సున్నాలు లెక్కపెట్టుకోండి.

రాసుకున్న అంకె దాటిందా? లాగౌట్ అవ్వండి. ఈఎండీ వెనక్కి వస్తుంది. పంతానికి పోయి గెలిస్తే మాత్రం 25 శాతానికి ఎసరొస్తుంది.