కోల్‌వుడ్ తారాజువ్వలు

దీపావళినాటి రాత్రి తారాజువ్వ వెలిగించు పిల్లవాడు దాని ఎత్తును కొలువవలెనని తలపడు. సీసాలో నిలిపిన పుల్ల కొసన నిప్పంటగానే అది సుయ్యిమని లేచిపోవును; పైన నాలుగు రవ్వలు రాల్చి ఆరిపోవును; పిల్లవాడు రెండవ జువ్వకై చేయి చాచును. అది ఎందుకు లేచినది, లేచినది ఎందుకు పొరుగింటి తాటాకు కప్పు వైపు మరలినది, అను ప్రశ్న ఆ సందడిలో ఎవరికిని పట్టదు. పట్టినవాడు ఒకడు కనిపించెనా, ఇంటిలో పెద్దలకు భయము, బడిలో ఉపాధ్యాయునకు సంతోషము కలుగవలసియున్నది.

అట్టి ప్రశ్న పట్టిన కుఱ్ఱల కథ యొకటి అమెరికాలో, పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున జరిగినది. కోల్‌వుడ్ అనునది కొండల నడుమ ఇఱుకుకొనియున్న చిన్న గని గ్రామము. ఇండ్లు, అంగడి, యంత్రశాల, సమస్తమును బొగ్గు కంపెనీవే. ఆ యూర పుట్టిన మగపిల్లవాడు పెద్దవాడై గనిలో దిగవలసినదే. కాల్బంతి ఆటలో మేటియైనవానికి మాత్రము కళాశాల వారు ఉపకారవేతనమిచ్చి పిలుచుకొనిపోవుదురు. హోమర్ హికమ్ అను బాలునకు ఆ ఆట రాదు. తండ్రి గని పర్యవేక్షకుడు. కొడుకు గని ఇంజనీరు కావలెనని ఆయన కోరిక. ఏ విధముననైనను వాడు ఈ లోయ దాటిపోవలెనని తల్లి కోరిక.

1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ శాస్త్రజ్ఞులు స్పుత్నిక్కును అంతరిక్షమునకు పంపినారు. ఆ దినములలో కోల్‌వుడ్ వాసులు రాత్రివేళ పెరటిలో నిలిచి, కొండకొమ్ముల మీదుగా సాగిపోవు ఆ కాంతిబిందువును చూచినారు. పదునాలుగేండ్ల హోమరు కూడ చూచినాడు. తాను సైతము రాకెట్టు చేయవలెనని ఆ క్షణముననే నిశ్చయించుకొన్నాడట. మొదటి ప్రయత్నము టపాకాయల మందును చేతిదీపపు గొట్టములో కూరి చేసినది. రాకెట్టు లేవలేదు, తల్లి గులాబీతోట కంచె మాత్రము లేచిపోయినది. ఆ తల్లి కొడుకును కొట్టలేదు, మానుమనియు చెప్పలేదు. నిన్ను నీవు పేల్చుకొనకుము అని మాత్రము హెచ్చరించినది. ఈ సంగతి చదివిన తల్లులలో ఎందరు ఆమెను మెచ్చుకొందురో చెప్పలేము!

హోమరుతో చేరినవారు క్వెంటిన్ విల్సన్, రాయ్ లీ కుక్ మొదలగు తోటి విద్యార్థులు. తమ కూటమికి ‘బిగ్ క్రీక్ క్షిపణి సంస్థ’ అని ఘనమైన పేరొకటి పెట్టుకొన్నారు. బిగ్ క్రీక్ వారి ఉన్నత పాఠశాల పేరు. రాకెట్లకు పెట్టిన పేరు మరింత చిత్రమైనది: ‘ఆక్’. అది ఎగురలేని పక్షి. ఎన్నడో నశించిపోయిన జాతి. తమ రాకెట్టు ఎగురునో లేదో తెలియని కుఱ్ఱలు తమ్ము తామే ముందుగా ఎగతాళి చేసికొనుట ఇందు కనబడుచున్నది. మొదటి ఆక్ ఆ పేరును సార్థకము చేసినది. ఆరడుగులు లేచినదో లేదో, అడుగున అతికిన టంకము కరగి ఊడిపోయినది.

టంకము కరగినదనిన, అక్కడి వేడిమి టంకము కరగు వేడిమిని మించినదన్నమాట. ఆ తుది భాగమును ఇకమీదట టంకముతో అతికి లాభము లేదు, ఉక్కుతో పట్టించవలెను. ఒక్క ఆరడుగుల పతనము నేర్పిన పాఠమిది. అటు తరువాత మందు మారినది. నల్లమందు పోయి సురేకారము, చక్కెర వచ్చినవి; అవియు పోయి జింకు పొడి, గంధకము వచ్చినవి. మందు బలిసినకొలది నాసిక అరిగిపోసాగినది. నాసిక యనగా రాకెట్టు అడుగున వాయువు వెడలు ద్వారము. అది మొదట సన్నగిల్లి, పిదప గంటవలె విప్పారి యుండవలెను. సన్నని గొంతు కడ వాయువు ధ్వనివేగమునందుకొని, విప్పారిన భాగమున ధ్వనిని మించిన వేగముతో వెలువడును. ఆ గొంతు వెంట్రుకవాసి అరిగినను లెక్క తప్పును. ఈ లెక్క తెలియుటకు కలన గణితము రావలెను. గని కార్మికుల కుమారులు దానిని తమంత తాము కూర్చుండి నేర్చికొన్నారు.

ఆ పట్టుదలకు వెనుక నిలిచినది ఫ్రీడా రైలీ అను యువ ఉపాధ్యాయిని. ఆమెకు రాకెట్లను గూర్చి తెలిసినది స్వల్పమే. తెలియనిదానిని తెలియదని ఒప్పుకొని, క్షిపణుల రూపకల్పనను గూర్చిన గ్రంథమొకటి తెప్పించి హోమరు చేతిలో పెట్టినది. చదివి అర్థము చేసికొను భారము వానిదే. ఉపాధ్యాయులు గమనింపవలసిన చోటిది. విద్యార్థికన్న ముందు నడువలేని విషయమున, వాని వెంట నడుచుటకు సిగ్గుపడనివారు అరుదు. ఆమె అప్పటికే కఠినమైన వ్యాధికి గురియైనది. 1969లో, ముప్పదియొక యేట, కన్నుమూసినది.

1960లో ఇండియానాపొలిస్ నగరమున జరిగిన జాతీయ విజ్ఞాన ప్రదర్శనములో ఈ కుఱ్ఱల పనికి పతకములు లభించినవి. హోమరు పిదప ఇంజనీరై, వియత్నాము యుద్ధమునకు పోయివచ్చి, 1981లో నాసా సంస్థలో చేరి, వ్యోమగాములకు శిక్షణ నిచ్చినాడు. ముప్పదియైదేండ్లకు ఒక పత్రిక వారడుగగా తన బాల్యప్రయోగములను గూర్చి చిన్న వ్యాసము వ్రాసినాడు. అదియే పెరిగి 1998లో ‘రాకెట్ బాయ్స్’ అను గ్రంథమైనది. మరుసటి యేట ‘అక్టోబర్ స్కై’ అను చలనచిత్రమైనది. ఆంగ్లమున ఈ రెండు పేర్లలోని అక్షరములు ఒక్కటే. వరుస మాత్రము మారినది. గ్రంథము జ్ఞాపకముల మీద ఆధారపడినది గనుక, అందలి ప్రతి మాటయు దస్తావేజు కాదు. కొన్ని పేర్లు మార్చితినని గ్రంథకర్తయే చెప్పినాడు. అయినను ఒక విద్యార్థి తన ప్రయోగమును తలపోసికొన్న తీరునకు దానిని మించిన ఉదాహరణము దొరకుట కష్టము. పతకముల ముచ్చట అందు కొద్ది. పగిలిన గొట్టముల ముచ్చట మెండు.

ఇంత మెచ్చుకొన్న పిమ్మట ఒక మాట దాచరాదు. ఆ కుఱ్ఱలు బ్రతికి బట్టకట్టుట వారి జాగ్రత్త వలననే కాదు, అదృష్టము వలన గూడ. స్పుత్నిక్కు తరువాత అమెరికాలో ఇట్లే మందు కూరబోయి వ్రేళ్లు, కండ్లు పోగొట్టుకొన్న బాలురు ఉన్నారు. ఈ దురవస్థకు విరుగుడు నెబ్రాస్కా రాష్ట్రమున చెప్పుల దుకాణము నడుపు ఆర్విల్ కార్లైల్ అను నతని చేతిలో నుండినది. ఆయన సోదరుడు రాబర్టుకు రాకెట్ గమనమును గూర్చిన ఉపన్యాసములకు నమూనాలు కావలసివచ్చినవి. బాణసంచాలో నేర్పుగల ఆర్విల్ 1954లో కాగితపు గొట్టము, తేలిక కఱ్ఱ రెక్కలు, మార్చివేయదగిన మందుగుల్ల, గొడుగువలె విచ్చుకొను వస్త్రము గల చిన్న రాకెట్టును చేసియిచ్చినాడు. 1957లో ఆయన దానిని హ్యారీ స్టైన్ అను ఇంజనీరుకు పంపినాడు. రాకెట్ క్షేత్రమున రక్షణవిధులు చూచిన స్టైన్, పిల్లలకు కావలసినది ఇదియే అని గ్రహించినాడు. మందు కూర్చు పని పిల్లవానిది కాదు, కర్మాగారముది. పిల్లవానిది రూపకల్పన, లెక్క, పరిశీలన. ఈ ఒక్క విభజనముతో రాకెట్టు తరగతిగదిలో అడుగుపెట్టగలిగినది.

నేడు అనేక దేశములలో ఉపాధ్యాయులు పిల్లలచేత ఇట్టి నమూనాలను చేయించుచున్నారు. మంట ముట్టించుట చేతితో కాదు. దూరము నుండి విద్యుత్తుతో. గొట్టములో లోహముండరాదు. మందుగుల్ల మీది ‘ఎ8-3’ వంటి గుర్తును పిల్లలు చదువవలెను. ‘ఎ’ మొత్తము ప్రేరణను తెలుపును. ‘బి’ దానికి రెట్టింపు, ‘సి’ అంతకు రెట్టింపు. 8 అనునది సగటు త్రోపు, న్యూటన్లలో. 3 అనునది మందు ముగిసినపిదప గొడుగు విచ్చుకొనువరకు గడచు సెకన్లు. ప్రయోగము ముగిసిన తరువాత ప్రతివాడును తన అనుభవమును వ్రాయవలెను.

ఈ వ్రాత కడనే చిక్కు వచ్చుచున్నది. “రాకెట్టు చక్కగా ఎగిరినది. మేము మిక్కిలి ఆనందించితిమి” అని వ్రాసి మార్కులు పొందు బాలుడు ఏమియు నేర్వలేదు. రాకెట్టు గాలి వీచు వైపునకు గాక, గాలి వచ్చు వైపునకే వంగినదని గమనించి, ఎందుకని అడిగిన బాలుడు నేర్చినాడు. చూచుటకు వింతయే, కాని తోక రెక్కలు గాలికోడి తోకవలె పనిచేసి ముక్కును గాలికెదురుగా త్రిప్పును. గొడుగు విచ్చుకొన్న తరువాత అదే రాకెట్టు గాలివాలున కొట్టుకొనిపోవును. ఒకే గాలి రెండు దిక్కుల పని చేసినది!

ఎత్తు కొలుచుటయు అట్టిదే. ప్రయోగస్థానమునకు 100 మీటర్ల దూరమున నిలిచిన బాలుడు, శిఖరమున రాకెట్టును 45 డిగ్రీల కోణమున చూచెనేని దాని ఎత్తు, కంటి ఎత్తు చేర్చకున్నచో, 100 మీటర్లు. 47 డిగ్రీలని చదివెనేని 107 మీటర్లు. రెండు డిగ్రీల ఏమరుపాటునకు ఏడు మీటర్లు. రాకెట్టు చూచువాని వైపు వంగినచో కోణము పెరిగి, లేని ఎత్తు వచ్చిచేరును. కావున ఎదురుబొదురుగా ఇద్దరు నిలువవలెను. త్రికోణమితి పట్టికను బట్టీపట్టి విసిగిన విద్యార్థికి అది ఏల పుట్టినదో ఆ మైదానమున తెలియును.

మన పాఠశాలలలో మందుగుల్లలు దొరకవు. దొరకలేదని పిల్లలు బాణసంచా విప్పి మందు పోగుచేయుట ఎంతమాత్రము తగదు. పానీయపు ప్లాస్టిక్ సీసాలో మూడవవంతు నీరు పోసి, బిరడా బిగించి, సైకిలు పంపుతో గాలి కొట్టిన జలరాకెట్టు చాలును. దాని ముందును ఎవరును నిలువరాదు. నీరు క్రిందికి పోవును, సీసా పైకి పోవును. న్యూటను మూడవ సూత్రము తడిసిన చొక్కాతో సహా అర్థమగును.

తప్పిన ప్రయోగమును నిజాయితీగా వ్రాయుట పిల్లల పనియే అనుకొనరాదు. మన శ్రీహరికోట నుండి 1979 ఆగస్టు 10న ప్రయోగించిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు 317 సెకన్లకు బంగాళాఖాతమున పడినది. ప్రయోగ బాధ్యుడు అబ్దుల్ కలాం. నాడు పత్రికలవారి ముందు నిలిచి ఆ వైఫల్యమును తనదిగా చెప్పినవాడు అధ్యక్షుడైన సతీశ్ ధావన్. రెండవ దశలోని ఆమ్లము కారిపోవుటయే కారణమని తరువాత తేల్చినారు. 1980 జూలై 18న అదే తరహా రాకెట్టు జయప్రదమైనపుడు ధావన్ వెనుక నిలిచి కలాముతోనే మాట్లాడించినారు. ఈ సంగతిని కలాం పలుమారు చెప్పియున్నారు.

కోల్‌వుడ్‌లో చివరి ప్రయోగదినము 1960 జూన్ 4. బొగ్గు తుక్కు పోసిన బయలును కుఱ్ఱలు ‘కేప్ కోల్‌వుడ్’ అని పిలిచెడివారు. ఊరంతయు అచట చేరినది. అంతవరకు ఒక్క ప్రయోగమునకును రాని తండ్రి ఆనాడు వచ్చినాడు. ముప్పదియొకటవ ఆక్‌ను వెలిగించు భాగ్యమును కుమారుడు ఆయనకే ఇచ్చినాడు. ఎగురలేని పక్షి పేరు పెట్టుకొన్న ఆ ఉక్కుగొట్టము, పిల్లల లెక్క ప్రకారము, 31,000 అడుగులు దాటి పోయినది. బొగ్గుధూళితో ఊపిరితిత్తులు చెడిన ఆ తండ్రి కనుమరుగైన పొగచార కొరకు ఇంకను తలయెత్తి చూచుచుండగా దగ్గుతెర వచ్చినది. కొడుకు పోయి ఆయన భుజము పట్టుకొన్నాడు.