కథ చెబుదాం, బొమ్మ చేద్దాం

సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాలలో నడుస్తూ ఉంటే మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాటలు వినిపిస్తాయి. పూర్వపు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి నేతపని కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. అటువంటి ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉందనుకోండి. ఇంట్లో తెలుగు వింటుంది. గల్లీలో పిల్లలతో హిందీలో ఆడుకుంటుంది. అంగన్‌వాడీకి వెళ్తే గుజరాతీ. ఇది పాపకు బరువేమీ కాదు. చిన్న పిల్లలు ఒకేసారి రెండు మూడు భాషలు నేర్చుకోగలరు. కాని ఏ భాష రావాలన్నా ఆ భాషలో ఎవరో ఒకరు వాళ్ళతో తీరికగా మాట్లాడాలి. చిక్కంతా ఆ తీరిక దగ్గరే ఉంది.

తండ్రికి మగ్గం దగ్గర పన్నెండు గంటల షిఫ్టు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. తల్లి ఇంట్లోనే చీరలకు రాళ్ళు అతికిస్తూనో, లేసు కుడుతూనో ఉంటుంది. నాయనమ్మ ఊళ్ళో ఉండిపోయింది. మరి పాపతో రోజంతా ఎటువంటి మాటలు మాట్లాడుతున్నారు? మీ ఇంట్లోనే ఒక పూట గమనించండి. "తిను", "ఇటు రా", "అది ముట్టకు", "పడుకో". ఎక్కువ భాగం ఇవే. ఇవన్నీ ఒకటి రెండు మాటల ఆజ్ఞలు. వీటిలో "ఎందుకంటే" లేదు. "అలా అయితే" లేదు. "ఆ తరువాత ఏమైందంటే" అసలే లేదు. ఇటువంటి మాటలు పుష్కలంగా దొరికే చోటు కథ.

సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. మీ పాప అక్కడ చేరినా, గుజరాతీ బడిలో చేరినా, పుస్తకంలోని పొడుగు వాక్యం అర్థం కావాలంటే పొడుగు వాక్యాలు వినే అలవాటు ముందే ఉండాలి. ఒక భాషలో ఆ అలవాటు కలిగితే రెండో భాషకూ అది పనికివస్తుంది. "బడిలో గుజరాతీ కదా, ఇంట్లో తెలుగు మానేద్దాం" అనుకునే తల్లిదండ్రులు ఉన్నారు. అలా మానేస్తే పాపకు కలిగే లాభం ఏమీ లేదు. ఊరికి వెళ్ళినప్పుడు నాయనమ్మతో మాట్లాడలేక నిలబడిపోతుంది, అంతే.

సూరత్‌కు ఖంభాత్ సింధుశాఖ ఆవలి వైపున భావనగర్ ఉంది. అక్కడ 1920లో గిజుభాయి బధేకా చిన్న పిల్లల కోసం బాలమందిరం ప్రారంభించారు. ఆయన మొదట వకీలు. పిల్లలను దండించి చదివించే రోజుల్లో కథలతో, పాటలతో, చేతిపనులతో బడి నడిపారు. గుజరాత్ ప్రజలు ఆయనను 'మీసాలున్న అమ్మ' అని పిలుచుకున్నారు. ఆయన రాసిన 'దివాస్వప్న' పుస్తకంలో ఒక ఉపాధ్యాయుడు అల్లరి తరగతిని నిశ్శబ్దంగా కూర్చోబెట్టాలని మొదటి రోజు ప్రయత్నించి ఓడిపోతాడు. మరునాడు కథ మొదలుపెడతాడు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే దగ్గరికి చేరతారు. గిజుభాయి దగ్గర పనిచేసిన తారాబాయి మోడక్ తరువాత మహారాష్ట్రలోని బోర్డీ, కోస్‌బాడ్‌లలో పేద పిల్లల ఇళ్ళ ముంగిటికే బడిని తీసుకువెళ్ళారు. ఖరీదైన ఆటవస్తువులు లేకపోయినా ఆకులు, గింజలు, గులకరాళ్ళతో బడి నడపవచ్చునని చూపారు.

కాబట్టి కథల పుస్తకం కొనలేదని, ధారాళంగా చదవలేమని సంకోచించకండి. మీకు ఏడు చేపల కథ వచ్చే ఉంటుంది. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెస్తారు. ఎండబెడితే ఒకటి ఎండదు. ఎందుకు ఎండలేదని అడిగితే అది గడ్డిమోపు మీద నెపం పెడుతుంది. గడ్డిమోపు ఆవు మీద, ఆవు కాపరి మీద. అలా చివరికి చీమ దాకా పోతుంది. ఈ కథ ఇన్ని తరాలు నిలిచిందంటే కారణం ఉంది. ప్రతి మలుపులోనూ ఒకే ప్రశ్న వస్తుంది. మూడోసారి చెప్పేటప్పటికి ఆ ప్రశ్నను పాపే అడుగుతుంది. నాలుగోసారికి జవాబు కూడా చెబుతుంది. అదే కథ మళ్ళీ మళ్ళీ చెప్పమని వేధిస్తే విసుక్కోకండి. పాప నేర్చుకునే పద్ధతి అదే.

ఇప్పుడు చేతిపని. పాత శుభలేఖలు, పెట్టె అట్టలు ఏవైనా తీసుకోండి. అట్ట మీద అరచేయంత చేప గీసి మీరే కత్తిరించండి. ఇలా ఏడు చేయండి. పొలుసులు, కన్ను పాపను గీయనివ్వండి. చేప నెత్తిన గుడి కట్టినట్టు ఉన్నా దిద్దవద్దు. ప్రతి చేపకూ చిన్న రంధ్రం చేసి దారం కట్టి, గోడకు కట్టిన తాడుకు వేలాడదీయండి. పాప లెక్కపెడుతుంది. ఎండని చేపను విడిగా తీసి చేతికివ్వండి. మీరు గడ్డిమోపు అవండి, అన్నయ్య ఆవు అవుతాడు. చేప పట్టుకుని పాప ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి అడుగుతుంది. చేతిలో వస్తువు ఉంటే బిడియపడే పిల్లలకూ మాట వస్తుంది. కథతో పాటు బొమ్మ ఎందుకంటే ఇందుకే.

రెండో పని మీకు చెప్పనక్కరలేనంత తెలిసినది. జానెడు చదరపు కాగితాన్ని సగానికి మడవండి. మడత వైపు నుంచి వేలెడు వెడల్పున వరుసగా కత్తిరించండి. ఎదుటి అంచున రెండు వేళ్ళ మేర వదిలిపెట్టాలి. విప్పితే అది పడుగు. వేరే రంగు కాగితం పట్టీలు పేక. ఒకటి పైన, ఒకటి కింద. తరువాతి వరుసలో తిరగవేయాలి. జర్మనీ దేశస్థుడు ఫ్రోబెల్ 1837లో పెట్టిన పిల్లల బడి తరువాత కిండర్‌గార్టెన్ అయింది. ఆయన పిల్లలచేత చేయించిన పనులలో ఈ కాగితపు అల్లిక కూడా ఉంది. నేతవారి ఇంట్లో అయితే ఇది తండ్రి చేయించవలసిన పని. పడుగు, పేక, కండె అనే మాటలు పాప ఆయన నోటినుంచే వినాలి. నాలుగేళ్ళు నిండని పిల్లలకు నాలుగైదు పట్టీలు చాలు.

జిగురు కొనవద్దు. రెండు చెంచాల మైదాను కప్పు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి చిక్కబడేదాకా ఉడికించి చల్లార్చండి. జనవరి 14న ఉత్తరాయణం పండుగ అయ్యాక చినిగిన పతంగులు వీధి నిండా దొరుకుతాయి. ఆ పలుచని రంగు కాగితం తోకలకు, రెక్కలకు చక్కగా పనికివస్తుంది. కాని దానికి అంటుకుని ఉన్న మాంజా దారంలో గాజుపొడి ఉంటుంది. అది పూర్తిగా తీసివేసిన తరువాతే కాగితం పిల్లల చేతికివ్వండి. అలాగే చీరలకు అతికించే రాళ్ళు, పూసలు, ఆ పనికి వాడే జిగురు, సూదులు, బ్లేళ్ళు పిల్లల దగ్గర ఉండకూడదు. మెరిసే రాయిని చూసి పాప ముచ్చటపడుతుంది. మూడేళ్ళ లోపు పిల్లలు దొరికిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటారు. గొంతులో అడ్డుపడితే ప్రాణానికే ముప్పు.

సమయం మాటేమిటంటారా? రోజుకు పది నిమిషాలు చాలు. రాత్రి షిఫ్టు వారంలో తండ్రి నిద్రలేచిన తరువాత, పగటి షిఫ్టు వారంలో అన్నం తినేటప్పుడు. కొన్నాళ్ళకు కథను పాపనే చెప్పమనండి. మధ్యలో హిందీ దొర్లుతుంది. "మఛ్‌లీ సూఖీ నహీ" అంటుంది. తప్పు అనకండి, నవ్వకండి. "అవునా, చేప ఎండలేదా? ఎందుకు ఎండలేదట?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి.

ఈ వారం చేయవలసిన పని: మీ ఇంటి పెద్దలలో ఒకరిని, దగ్గర లేకపోతే ఫోనులో, వాళ్ళు చిన్నప్పుడు విన్న కథ ఒకటి అడగండి. అందులో వచ్చే వస్తువులలో అట్టతో చేయగలిగినవి ఎన్నో రాసుకోండి.