రాయీ, రాతా

మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో పూర్తిగా వయసు మళ్లకముందే నడుం వంగిపోయిన మనుషుల్ని చూశాను. వెనక నుంచి పిలిస్తే మెడ తిరగదు, ఒళ్లంతా తిప్పి చూడాలి. మా రాత ఇంతే అనుకుని బతికినవాళ్లు ఎందరో.

అసలు కారణం రాయి. నల్లగొండ నేల అడుగున ఉన్న గ్రానైటులోంచి ఫ్లోరైడ్ నెమ్మదిగా ఊటనీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లను ఏళ్ల తరబడి తాగితే ముందు పిల్లల పళ్లకు గార పడుతుంది. మోతాదు ఇంకా పెరిగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నీళ్లు మంచివి కావని బిడ్డ కోసం మరగబెట్టే తల్లిని తలుచుకుంటే నాకు గుండె పట్టేస్తుంది. ఆవిరైపోయేది నీళ్లే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది. ఆమె ప్రేమలో లోటేమీ లేదు, ఏం చేయాలో చెప్పినవాళ్లే లేరు.

ఉన్న సంగతి ఎంత తెలిసినా, చేయాల్సిందేమిటో దానంతటదే తేలదన్నాడు 18వ శతాబ్దపు స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్. నిజమే, రాయి గురించి తెలిసినంత మాత్రాన ఎవరి మీదా బాధ్యత పడదు. కానీ బిడ్డ మీద ప్రేమ అప్పటికే ఇంట్లో ఉంది. దానికి కారణం తెలియడం తోడైతే బాధ్యత పుడుతుంది. రాత అనుకున్నన్నాళ్లూ ఎవరూ ఎవరికీ బాకీ లేరు. తప్పించగల బాధ అని తెలిశాక, అదే జిల్లా అంచున నాగార్జునసాగర్‌లో కృష్ణమ్మ నిండుగా కనిపిస్తుంటే, ఊరుకున్న ప్రతివాడూ బాకీపడ్డట్టే.

ఆ బాకీ అడగడానికి దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి 1996 లోక్‌సభ ఎన్నికల్ని ఎంచుకుంది. డిపాజిట్టు అప్పట్లో 500 రూపాయలు. కరువు ఊళ్లలో అది చిన్న మొత్తం కాదు. అయినా నల్లగొండ స్థానానికి 480 మంది బరిలో నిలిచారు. పోలింగు వాయిదా పడింది. బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చువేయాల్సి వచ్చింది. అందులో పేజీ తర్వాత పేజీ, ఎక్కువగా నీళ్లడుగుతున్నవాళ్ల పేర్లే.