ఇన్సులిన్ పెన్ను

ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాలు కూడిన ప్రోటీన్. మింగితే జీర్ణరసాలు దాన్ని మందని చూడవు. పప్పులోని మాంసకృత్తుల్లాగే ముక్కలు చేసి అరిగించేస్తాయి. అరగకుండా కాస్త మిగిలినా, అంత పెద్ద అణువు పేగు గోడ దాటి రక్తంలో కలవడం కష్టం. అందుకే మొదటినుంచీ దానికి సూదే దారి.

టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే పరిశోధకులు తయారుచేసిన ఇన్సులిన్ సారాన్ని 1922 జనవరి 11న మధుమేహ రోగి అయిన 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు ఇచ్చారు. మలినాల వల్ల అది సరిగా పనిచేయలేదు. వారి సహచరుడు కోలిప్ శుద్ధి చేసిన మందు 23న ఎక్కించాక రక్తంలో చక్కెర దిగింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు రోగుల ఇళ్లలో గాజు సిరంజిదే రాజ్యం. దాన్ని నీళ్లలో మరిగించాలి, సూది మొద్దుబారితే రాతి మీద నూరుకోవాలి. వాడి పారేసే ప్లాస్టిక్ సిరంజీలు ఈ చాకిరీ తప్పించాయి గానీ, సీసాలోంచి మందు లాగి, గాలిబుడగలు పోగొట్టి, సన్నగీతల దగ్గర మోతాదు చూసుకునే పని అలాగే ఉండిపోయింది. మధుమేహం కళ్లనూ దెబ్బతీస్తుంది. ఆ గీతలు చూడవలసిందీ ఆ కళ్లే.

1985లో డెన్మార్క్‌కు చెందిన నోవో కంపెనీ నోవోపెన్‌ను తెచ్చింది. చూడటానికి ఫౌంటెన్ పెన్నే. లోపల సిరాకు బదులు మందు కార్ట్రిడ్జ్. మందు నింపే అమ్మి, అయిపోగానే పారేసే పెన్నులు 1989లో వచ్చాయి.

ఇప్పటి పెన్నులో సాధారణంగా 3 మిల్లీలీటర్ల మందు, అంటే 300 యూనిట్లు ఉంటాయి. వెనక బిరడా తిప్పుతుంటే టిక్కు టిక్కుమంటుంది. చాలా పెన్నుల్లో టిక్కుకు ఒక యూనిట్, అంటే 0.01 మిల్లీలీటరు. ఎన్ని తిప్పారో చిన్న కిటికీలో అంకె కనబడుతుంది. నొక్కితే మరచుట్ల కడ్డీ కార్ట్రిడ్జ్‌లోని రబ్బరు మూతను సరిగ్గా అంతే మేర ముందుకు తోస్తుంది. 4 మిల్లీమీటర్ల సూది చర్మం కిందున్న కొవ్వు దాకా వెళ్తుంది. వెంటనే లాగేస్తే మందు చుక్క బయటే ఉండిపోతుంది, కాబట్టి పది లెక్కపెట్టి తీయాలి. సూది సన్నబడి నొప్పి తగ్గిన మాట నిజమే. అయినా పెన్ను చేసిన అసలు మేలు లెక్క తప్పనివ్వకపోవడం.

ఆ లెక్క ఎంత ముఖ్యమో మన దేశంలో తేలిగ్గా తెలుస్తుంది. ఇక్కడ సీసా ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్రమూత సిరంజి. పెన్ను మందు 100 యూనిట్లది. పెన్ను పాడైందని కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్రమూత సిరంజితో 20వ గీత దాకా లాగితే, ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

సూది లేకుండా చూద్దామన్న ప్రయత్నాలూ సాగాయి. పీల్చే ఇన్సులిన్ ఎక్సుబెరా 2006లో అనుమతి పొంది, కొనేవాళ్లు లేక మరుసటి ఏడే మూతపడింది. ఇన్సులిన్ కాకపోయినా మధుమేహానికే వాడే మరో పెప్టైడ్ మందు సెమాగ్లుటైడ్, మింగే మాత్రగా 2019లో అమెరికాలో అనుమతి సాధించింది. కడుపులో దానికి అండగా స్నాక్ అనే రసాయనం కలిపారు. అయినా రక్తంలో చేరేది సుమారు నూటికి ఒక వంతే. పరగడుపున కొద్దిపాటి నీళ్లతో మింగి, అరగంట దాకా ఏమీ తినకూడదు. అదే మందు పెన్నుతో వారానికి 1 మిల్లీగ్రాము సరిపోయే చోట మాత్ర రోజుకు 14 మిల్లీగ్రాముల దాకా కావాలి.